ఒడ్డుకు కొట్టుకొచ్చినవి

నేను పశువుల డాక్టర్ని. మాది రాయవరం దగ్గర పల్లె. నాన్న బడిపంతులు. వరిచేల మధ్య పెరిగినదాన్ని. సముద్రమంటే నాకు ఏడాదికోసారి చర్చి వాళ్ళతో బస్సులో వెళ్ళి, మోకాళ్ళ దాకా తడిసి, పొద్దుండగానే తిరిగొచ్చే చోటు, అంతే. ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకి రాజోలు అవతల, తీరానికి దగ్గర్లో ఉన్న ఒక ఊరికి బదిలీ చేశారు. ఆసుపత్రి వెనక కొబ్బరితోట, ఆ వెనక రొయ్యల చెరువులు, వాటి తర్వాత సరుగుడు తోపు, అది దాటితే సముద్రం. గాలి అటునుంచి తిరిగితే గదిలో మందుల వాసన పోయి ఉప్పు వాసన నిండేది.

గేదెల ఈతలు, దూడల పారుడు, కోళ్ళ తెగుళ్ళు. నాకు తెలిసిన పని అది. ఆ ఊరు వెళ్ళిన మొదటి చలికాలంలోనే ఫారెస్టు వాళ్ళ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. బీటు ఆఫీసరు మాట్లాడాడు.

"మేడమ్‌గారూ, తాబేళ్ళు చచ్చిపోయి ఒడ్డుకొచ్చేయండి. కోసి చూసి రిపోర్టు రాయించమన్నారు పైనుంచి. ఈ చుట్టుపట్ల మీరు తప్ప డాక్టరెవరూ లేరండి."

"తాబేళ్ళ గురించి నాకేమీ తెలీదండీ."

"మాకూ తెలీదండి. రండి."

వెళ్ళాను. సరుగుడు తోపు దాటగానే ఇసుక మీద అక్కడక్కడా చాటలంత నల్లటి డిప్పలు పడి ఉన్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే మెడలు వాచిపోయి, కళ్ళు ఉబ్బి బయటికొచ్చి ఉన్నాయి. కాకులు ముందుగా కళ్ళ దగ్గరే మొదలుపెడతాయి. ఆలివ్ రిడ్లే అంటారు వాటిని. గుడ్లు పెట్టడానికి ఎక్కడెక్కడినుంచో ఈదుకుంటూ మన తీరానికొస్తాయి. నీళ్ళలోనే బతుకుతున్నా ఊపిరి మాత్రం మనలాగే పైకొచ్చి పీల్చుకోవాలి. అడుగున ఈడ్చుకుపోయే మరబోట్ల వలల్లో చిక్కుకుంటే పైకి రాలేవు. నీళ్ళలో బతికేది నీళ్ళలోనే మునిగి చస్తుంది.

కత్తి తీసి నిలబడ్డానే గాని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. పక్కన పార పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకి తువ్వాలు. ముప్ఫై దాటి ఉంటాయి. నన్ను ఒకసారి చూసి, పార కింద పెట్టి, తాబేలు అంచు పట్టుకుని వెల్లకిలా తిప్పింది.

"బరువుంటాదండి. నేను పట్టుకుంటాను, మీరు కానివ్వండి" అంది.

ఆవిడ ఆ ఊరి పడవల వాళ్ళ మనిషి. తాబేళ్ళు వచ్చే నాలుగు నెలలూ ఫారెస్టు వాళ్ళు కూలికి పెట్టుకునేవారు. తెల్లవారుతూండగా ఒడ్డు వెంట నడవాలి. రాత్రి ఏ తల్లి తాబేలైనా వచ్చి గుడ్లు పెట్టి వెళ్తే దాని పాదాల జాడ పట్టుకుని, ఆ గుడ్లు తవ్వి తీసి, సరుగుడు తోపులో వల కట్టిన దడి లోపల మళ్ళీ పూడ్చాలి. లేకపోతే కుక్కలు, నక్కలు మిగల్చవు. చచ్చినవి కనిపిస్తే గొయ్యి తీసి పాతెయ్యాలి. ఒకే మనిషికి రెండు పనులూ.

ఆ రోజు కోసిన వాటిలో ఒకదాని కడుపు నిండా గుడ్లు. తెల్లగా, మెత్తగా, పింగ్‌పాంగ్ బంతుల్లా ఉన్నాయి. ఆవిడ వంగి చూసింది.

"ఇయ్యి పూడిస్తే పిల్లలవుతాయాండి?"

"అవవమ్మా. తల్లి చచ్చి రెండు రోజులైనా అయి ఉంటుంది."

"ఆయ్" అంది. అయినా వాటిని గమేళాలోకి తీసుకుని వెళ్ళి దడి లోపల ఒక మూల వేరుగా పాతింది. తర్వాత రోజులు లెక్కపెట్టుకుని తవ్వి చూస్తే కుళ్ళిపోయి ఉన్నాయట. నాతో చెప్పినప్పుడు పెద్దగా బాధపడినట్టు కూడా అనిపించలేదు. చూడాలనిపించింది, చూశాను అన్నట్టు చెప్పింది.

అలా మొదలైంది మా పరిచయం. పిలుపొచ్చినప్పుడల్లా వెళ్ళేదాన్ని. నెమ్మదిగా నాకూ ఆ ఒడ్డు అలవాటైంది. పొద్దుటే వెళ్తే ఎర్ర పీతలు ఇసుకంతా పరుచుకుని ఉండి, మన అడుగు అలికిడికి ఒక్కసారి బొరియల్లోకి మాయమయ్యేవి. తల తెల్లగా, ఒళ్ళు ఇటుకరంగులో ఉండే గరుడ పక్షులు అలల మీద వాలుగా తిరిగేవి. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. అక్కడ మేటల మీద గూడబాతులు వరసగా కూర్చుని ఉండేవి. పాయలోకి కాస్త లోపలికి వెళ్తే మడచెట్ల వేళ్ళ కింద నీటికుక్కలు పిల్లల్తో సహా కనిపించేవి. శని ఆదివారాల్లో కార్లలో జనం వచ్చేవారు. చచ్చిన తాబేలు కనిపిస్తే ముక్కు మూసుకుని అవతలికి పోయి ఫొటోలు తీసుకునేవారు. అందుకని పర్యాటకులొచ్చే రోజుల్లో ఆవిడ ఇంకా పెందలాడే వచ్చి అన్నిటినీ పాతేసేది.

ఆవిడ భర్తని నేను ఒకే ఒక్కసారి దగ్గర్నుంచి చూశాను. ఫైబర్ పడవలో మరో ముగ్గురితో కలిసి వేటకి వెళ్ళేవాడు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఒకరోజు మేము దడి దగ్గర ఉండగా ఫ్లాస్కుతో టీ పట్టుకొచ్చాడు.

"తాగండి డాక్టరమ్మగారూ. మా ఆవిడ ఇంటికాడ నాకు టీ పెట్టడం మానేసి ఈటితోనే కాపరం చేత్తందండి" అన్నాడు.

"ఊరుకోవయ్యా" అందావిడ, నవ్వు దాచుకుంటూ.

మా వలలో పడితే మేం వల కోసి వదిలేస్తామండీ, ఆ పెద్ద బోట్లోళ్ళే ఆగరు, అని చెప్పాడు. నిజమో, నా కోసం చెప్పాడో తెలియదు. నిజమేనని ఆవిడ తర్వాత అంది.

అది జరిగి నెల తిరక్కుండానే వాళ్ళ పడవ మొగ దగ్గర బోల్తా కొట్టింది. వేట నుంచి తిరిగొస్తూ నది నోట్లోకి ఎక్కబోయేచోట అల ఎత్తి పడేసింది. ముగ్గురు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. అతను రాలేదు.

ఊరి పడవలన్నీ వెళ్ళి వెతికాయి. పోలీసులొచ్చారు, గజ ఈతగాళ్ళొచ్చారు. పడవ దొరికింది, ఇంజను దొరికింది. మనిషి దొరకలేదు. నేను వాళ్ళింటికెళ్ళాను. పాకలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. చేతులకి గాజులు అలాగే ఉన్నాయి. చనిపోయాడని తేలనిదే తియ్యకూడదని పెద్దవాళ్ళు అన్నారట. కాసేపు పక్కన కూర్చుని లేచి వచ్చేశాను. మా అమ్మ ఫోనులో విని, "ప్రార్థన చేసుకో అమ్మా, ఆవిడ కోసం" అంది. చేశాను. ఏమని అడగాలో మాత్రం తెలియలేదు. బతికి రావాలని అడిగే సమయం దాటిపోయింది. శవం దొరకాలని దేవుణ్ణి అడగడానికి నోరు రాలేదు.

వారం గడిచేసరికి ఆవిడ మళ్ళీ ఒడ్డు మీదికి వచ్చేసింది. అత్తింటివాళ్ళు వద్దన్నారు. ఆవిడ బావగారు, అంటే భర్త అన్నగారు, బీటు ఆఫీసరు దగ్గరికొచ్చి, "ఆవిణ్ణి పన్లోంచి తీసెయ్యండి బాబూ, జనం నానా రకాలుగా అనుకుంటన్నారు" అని చెప్పి వెళ్ళాడట. ఆఫీసరు మెత్తటి మనిషి. తీసెయ్యలేదు. వస్తే రానిచ్చాడు.

ఆవిడ పని ముందే చెప్పాను కదా. సముద్రం రాత్రికి రాత్రి ఒడ్డున ఏం పడేసిందో పొద్దుటే నడిచి చూడటం.

నేనూ ఆ తర్వాత పిలుపు లేకపోయినా వెళ్ళడం మొదలుపెట్టాను. ఆసుపత్రి తెరిచే వేళకి తిరిగి వచ్చేదాన్ని. ఎందుకెళ్తున్నానో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. అంతకుముందు ఆవిడ సరుగుడు తోపు చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగేది. ఇప్పుడు మొగ దాకా నడుస్తోంది. దూరాన ఇసుక మీద నల్లగా ఏదైనా కనిపిస్తే ఆవిడ అడుగు ఆగేది. తాబేలని తెలిశాక మళ్ళీ సాగేది. తాబేలైనందుకు ఊరటో, నిరాశో ఆ ముఖం చూసి నేనెప్పుడూ చెప్పలేకపోయాను. పార దింపి గొయ్యి తియ్యడం మొదలుపెట్టేది.

ఒకరోజు గొయ్యి పూడుస్తూ అడిగింది. "మడుసులు కూడా ఇలాగే అయిపోతారాండి నీళ్ళలో? కళ్ళూ అయ్యీ?"

అబద్ధం చెబితే తెలిసిపోతుంది. ఆవిడ నా పక్కనే కూర్చుని అన్నిటినీ చూసిన మనిషి.

"అవుతారమ్మా" అన్నాను.

"గుర్తు పట్టలేమేమోనండి అయితే."

"ఒక్కోసారి పట్టలేము."

తల ఊపింది. మట్టి సమంగా తొక్కి, పార భుజాన వేసుకుని ముందుకి నడిచింది.

వేసవి మొదట్లో కబురొచ్చింది. తీరంలో బాగా పైన, మా మండలం దాటి, ఒక మగమనిషి శవం కొట్టుకొచ్చిందనీ, అమలాపురం ఆసుపత్రిలో ఉంచారనీ, వచ్చి చూసుకోమనీ పోలీసులు చెప్పారు. ఆవిడ పొద్దుటే మా ఆసుపత్రికి వచ్చింది. గేదెకి సూది వేయించడానికి వచ్చిన రైతులు ఇద్దరు వరండాలో ఉన్నారు. వాళ్ళ ముందే నా దగ్గరికొచ్చి మెల్లగా అంది.

"మీరు నాతో రండి డాక్టరమ్మగారూ. మా వోళ్ళు చూత్తే ఏడుస్తారండి. మీరు చచ్చినాటిని చూడగలరు."

సెలవు చీటీ రాసి వెళ్ళాను. ఆటోలో ఆవిడ, నేను, ముందు డ్రైవరు పక్కన ఆవిడ బావగారు. దారిలో కొబ్బరిచెట్లు, కాలవ గట్లు, పెళ్ళి పందిళ్ళు. మైకులో పాటలు. ఆ పెద్దాయన ఒకే ఒక్కసారి వెనక్కి తిరిగి, "ఆడే అయ్యుంటాడమ్మా. మనసు గట్టి చేసుకో" అన్నాడు.

ఆ గదిలో ఏం చూశామో ఇక్కడ రాయను. ముఖం లేదని మాత్రం చెబితే చాలు. ఒంటి మీద బట్ట మిగల్లేదు. మొలతాడు లేదు. పెద్దాయన గుమ్మంలోంచే చూసి, తువ్వాలు నోట్లో కుక్కుకుని, "ఆడే, ఆడే" అంటూ గోడకి ఒరిగిపోయాడు. ఆవిడ దగ్గరికెళ్ళింది. తొందరపడలేదు. పాదాల దగ్గర చాలాసేపు నిలబడింది. చేతులు చూసింది. భుజాలు చూసింది. నేను ఆవిడ వెనకే ఉన్నాను.

"ఈయన కాదండి" అంది.

పోలీసాయన కాగితాలు పట్టుకుని ఉన్నాడు. "సరిగ్గా చూసుకోమ్మా. తొందరేం లేదు" అన్నాడు.

"చూసేనండి. మా ఆయన కాదు."

బావగారు లోపలికొచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "ఎందుకలా అంటావమ్మా. ఆడు కాకపోతే మరెవరు? ఇంటికి తీసుకెళ్ళి చెయ్యాల్సింది చేద్దాం. ఆడి ఆత్మకి శాంతి ఉండద్దా? ఎన్నాళ్ళు ఇలా ఒడ్డంట తిరుగుతావు?"

ఆయన మాటల్లో చెడు ఏమీ లేదు. తమ్ముణ్ణి కోల్పోయిన మనిషి. నేల మీద ఒకచోట పెట్టుకుని ఏడవడానికి ఏదో ఒకటి కావాలి ఆయనకి. ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"మీ తమ్ముడే అయితే నాకు మాత్రం అక్కర్లేదా బావగారూ? ఈయన ఏరే ఎవరి మనిషో. ఈయన కోసం కూడా ఎక్కడో ఒకావిడ ఒడ్డంట తిరుగుతా ఉంటాది. మనం పట్టుకుపోయి తగలెట్టేత్తే ఆవిడికింక ఎప్పటికీ దొరకడు."

తర్వాత ఆవిడ నా వైపు చూసి, "మీరు చెప్పండి. ఆయనేనా?" అంది.

నేను అతన్ని చూసింది ఒక్కసారి. టీ పోస్తూ నవ్విన మనిషి. బల్ల మీద ఉన్నది దాదాపు అంత పొడుగే ఉంది. అయినా నీళ్ళలో నానిన దేహం కొలతలు నమ్మడానికి లేదు.

"నేను చెప్పలేనమ్మా" అన్నాను. "అవుననీ అనలేను, కాదనీ అనలేను."

"ఆయ్" అంది. బయటికి నడిచింది.

పోలీసులు పరీక్షకి నమూనాలు పంపుతామన్నారు. పంపారో లేదో, ఫలితం ఏమొచ్చిందో మాకెవరూ చెప్పలేదు. నేను రెండుసార్లు ఫోను చేసి అడిగాను. ఒకసారి ఇంకా రాలేదన్నారు. ఇంకోసారి ఆ సంగతి చూసే ఆయన బదిలీ అయ్యారన్నారు. ఆ శవం కోసం ఇంకెవరూ రాలేదని, గడువు దాటాక మునిసిపాలిటీ వాళ్ళే పూడ్చేశారని మాత్రం తెలిసింది. ఆవిడ చెప్పిందే నిజమని అప్పట్లో నమ్మాను. ఇప్పుడు కొన్ని రోజులు నమ్ముతాను, కొన్ని రోజులు నమ్మలేను.

అత్తింట్లో ఆవిడతో మాటలు తగ్గిపోయాయి. వచ్చిన మనిషిని గుమ్మంలోంచి వెనక్కి పంపేసిందని అనుకున్నారు. మా అటెండరు కూడా ఒకరోజు అన్నాడు, "అదేవిటోనండి, ఆవిడికి చాదస్తం ఎక్కువైపోయింది" అని. నేను మాట మార్చాను.

ఆ నెలలోనే దడి లోపల గుడ్లు పగిలాయి. పొద్దుటే పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నామని ఫారెస్టు వాళ్ళు చెప్పడంతో జనం బాగానే వచ్చారు. హైదరాబాదు నుంచి ఒక కుటుంబం, రాజమండ్రి నుంచి కాలేజీ వాళ్ళు. ఇసుక మీద తాడు కట్టి వెనక నిలబెట్టారు. ఆవిడ బుట్టలోంచి పిల్లల్ని ఒక్కొక్కటే తీసి తడి ఇసుక మీద పెడుతోంది. అరచేతిలో పట్టేంత నల్లటి పిల్లలు, కళ్ళు సరిగా తెరవనివి కూడా ఎటు వెళ్ళాలో తెలిసినట్టే నీళ్ళ వైపు పాకుతున్నాయి. అల వచ్చి కొన్నిటిని వెనక్కి దొర్లిస్తే మళ్ళీ లేచి పాకుతున్నాయి. అందరూ ఫోన్లు పట్టుకుని గుసగుసగా మాట్లాడుకుంటున్నారు.

హైదరాబాదు నుంచి వచ్చిన ఆమె నా ఈడుదే. తాడు దగ్గరికి వంగి ఆవిడతో అంది, "మీరు చాలా అదృష్టవంతులండీ. రోజూ ఇలాంటివన్నీ చూస్తూ ఉంటారు."

ఆవిడ తలెత్తి మర్యాదగా చూసింది. "ఆయ్ అండి" అంది.

ఆ తర్వాత బీటు ఆఫీసర్ని ఎవరో అడిగారు, వీటిలో ఎన్ని పెద్దవవుతాయని. చాలా కొద్దేనండి అన్నాడు. అయ్యో అన్నారు. ఎండ ఎక్కుతోందని కార్ల వైపు వెళ్ళిపోయారు. ఆవిడ ఖాళీ బుట్ట పక్కన పెట్టుకుని తడి ఇసుకలో కూర్చుని ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. అలల్లో నల్ల చుక్కలు కాసేపు కనిపించాయి. పైన గరుడ పక్షి ఒకటి వచ్చి చుట్టూ తిరుగుతోంది. తోలెయ్యడానికి ఆవిడ లేవబోయింది. మళ్ళీ ఏమనుకుందో కూర్చుండిపోయింది.

"ఈ ఒడ్డుకి మళ్ళీ వత్తాయంటారు కదండీ, పెద్దయ్యేక."

"వస్తాయంటారు. పుట్టిన చోటికే వచ్చి గుడ్లు పెడతాయట."

"ఎన్నేళ్ళకండి?"

"పదేళ్ళ పైనే పడుతుందట."

ఆవిడ బుట్టలోని ఇసుక దులిపి లేచింది.

వానాకాలంలో పెద్దలు కూర్చుని, ఇక ఆగకూడదని తేల్చారు. దర్భలతో బొమ్మ చేసి, అతని పేరు చెప్పి, దహనం చేశారు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. వాన సన్నగా పడుతోంది. ఆవిడ పెరట్లో నూతి చప్టా మీద కూర్చుని ఉంది. మణికట్లు బోసిగా ఉన్నాయి. చెప్పినవన్నీ చేసిందట, ఎదురు చెప్పలేదట. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. "టీ తాగుతారాండి?" అని అడిగింది. తాగుతానన్నాను. ఆ ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ తాగలేదు. ఇద్దరం చూరు కిందే నిలబడి తాగాం. బావగారు నా దగ్గరికొచ్చి, "ఇప్పటికైనా ఓ దారి చూసుకుంటాదండి మా మరదలు" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

మరుసటి ఏడు తాబేళ్ళ కాలానికి ఆవిడ పనిలోకి రాలేదు. ఫారెస్టు వాళ్ళు వేరే ఇద్దరు మగవాళ్ళని పెట్టుకున్నారు. ఆవిడ రొయ్యల షెడ్డులో తలలు తియ్యడానికి వెళ్తోందని విన్నాను. షెడ్డు వాళ్ళ వ్యాను వచ్చి తెల్లవారకముందే ఆడవాళ్ళని ఎక్కించుకుని, పొద్దుగూకాక దింపి వెళ్తుంది. ఇక కలవడానికి కుదిరేది కాదు.

ఫిబ్రవరిలో అనుకుంటాను, రాజోలు బస్టాండులో కనిపించింది. వేళ్ళ చివర్లు ఐసు నీళ్ళకి తెల్లగా పాలిపోయి, ముడతలు పడి ఉన్నాయి. బాగున్నారా అంటే బాగున్నానంది. ఒకరి గురించి ఒకరం అడగాల్సినవి అయిపోయాయి. బస్సు ఇంకా రాలేదు.

"తాబేళ్ళొచ్చేయాండి ఈ యేడు?"

"వచ్చాయమ్మా. చచ్చినవే ఎక్కువ."

"మొగ దాకా నడుస్తన్నారా కొత్తోళ్ళు?"

"లేదు. తోపు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేస్తున్నారు."

ఆవిడ రోడ్డు వైపు చూసింది. "అంత దూరం ఎవరు నడుత్తారులెండి ఊరికినే" అంది.

బస్సు వచ్చింది. నాకు దండం పెట్టి ఎక్కింది. కిటికీ పక్కన చోటు దొరికినా ఇటు చూడలేదు. ఒళ్ళో సంచీ సర్దుకుంటూ ఉంది.

మర్నాడు బీటు ఆఫీసరుతో చెప్పాను, మీవాళ్ళని మొగ దాకా నడవమనండి అని. ఎందుకని అడగలేదు. అలాగేనండి, చెప్తానన్నాడు. చెప్పే ఉంటాడు. వాళ్ళు నడిచారో లేదో చూడటానికి నేను అక్కడ ఎక్కువ రోజులు లేను. ఆ వేసవిలో నన్ను కొత్తపేట వైపు బదిలీ చేశారు. ఇక్కడ అంతా పాడి. పొద్దుటే గేటు తీసేసరికి గేదెల్ని తోలుకుని రైతులు వచ్చి ఉంటారు.